ఎవరూ పుట్టకూడని, ఎవరూ చావకూడని ద్వీపం – డీలోస్

గ్రీసు దేశానికి తూర్పున ఉన్న ఏజియన్ సముద్రంలో సిక్లడీస్ అనే ద్వీపాల గుంపు ఉంది. ఆ పేరుకు 'చుట్టూ ఉన్నవి' అని అర్థం. దేని చుట్టూ అంటే, డీలోస్ అనే ఒక చిన్న ద్వీపం చుట్టూ. అట్లాసు తెరిచి వెతికితే ఈ డీలోస్ కనబడటమే కష్టం. పొడవు ఐదు కిలోమీటర్లు. వెడల్పు ఒకటిన్నర కిలోమీటరు కూడా లేదు. విస్తీర్ణం మూడున్నర చదరపు కిలోమీటర్ల లోపే. నడుమ కింథోస్ అనే ఒక రాతి కొండ, దాని ఎత్తు సుమారు 112 మీటర్లు. నీటి ఎద్దడి, ఎడతెగని గాలి, నీడనిచ్చే చెట్లు బహు తక్కువ. పక్కనే ఉన్న మైకనోస్ ద్వీపం వేసవిలో పర్యాటకులతో కిటకిటలాడుతుంటుంది. అక్కడి నుంచి పడవలో అరగంట ప్రయాణం చేస్తే వచ్చే డీలోస్‌లో మాత్రం రాత్రిపూట కాపలాదారులు, తవ్వకాల పనిమీద వచ్చినవారు తప్ప మరెవరూ ఉండరు.

ఇంత చిన్న ద్వీపం ప్రాచీన గ్రీకులకు మహా పుణ్యక్షేత్రం. వెలుగుకు, సంగీతానికి, భవిష్యవాణికి అధిదేవత అయిన అపోలో పుట్టిన చోటు ఇదేనని వారి నమ్మకం. దేవుడు పుట్టిన ఆ నేల మీద తరువాతి కాలంలో మనుషులెవరూ పుట్టకూడదని, చావకూడదని శాసనం వచ్చింది. ఆ శాసనం చేసినవారు ద్వీపవాసులు కారు, ఏథెన్సు వారు. ఈ వ్యాసంలో ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ సంగతే. అయితే ముందుగా పురాణకథ తెలియాలి.

నిలకడ లేని నేల

దేవతల రాజు జ్యూస్ వలన లీటో అనే దేవత గర్భవతి అయింది. జ్యూస్ భార్య హీరాకు ఇది తెలిసి ఆగ్రహం కలిగింది. ఆమె కోపానికి భయపడి లీటోకు పురుడు పోసుకోవడానికి చోటివ్వటానికి ఏ దేశమూ, ఏ ద్వీపమూ ఒప్పుకోలేదు. నిండు చూలాలు ఊరూరా తిరిగి చివరకు డీలోస్‌కు వచ్చింది.

అప్పటికి ఆ ద్వీపానికి నిలకడ లేదు. అలల మీద తేలుతూ ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ అన్నట్లు ఉండేదట. దానికి ఒక కథ ఉంది. లీటో చెల్లెలు ఆస్టీరియాను జ్యూస్ వెంటబడగా ఆమె కౌజుపిట్ట రూపం దాల్చి సముద్రంలోకి దూకింది. ఆమే ఈ ద్వీపమైందని కొందరు చెప్పారు. అందుకే దీనికి ఆస్టీరియా అని, కౌజుపిట్ట పేరు మీద ఆర్టీజియా అని కూడా పేర్లు ఉన్నాయి. ఆ కథ ప్రకారం చూస్తే, అందరూ తలుపులు మూసిన అక్కను ఆదరించింది తోబుట్టువే అన్నమాట.

హోమర్ పేరున ప్రచారంలో ఉన్న అపోలో స్తోత్రంలో లీటోకూ ద్వీపానికీ మధ్య జరిగిన సంభాషణ చాలా ముచ్చటగా ఉంటుంది. ఇక్కడ పంటలు పండవు, పశువులు బతకవు, అయినా నా కొడుకుకు గుడి కట్టనిస్తే దేశదేశాల జనం కానుకలతో వస్తారు, పరాయివారి చేతులే నీ ప్రజలకు అన్నం పెడతాయి అని లీటో ఆశ చూపిస్తుంది. ద్వీపం సంతోషిస్తుంది గానీ వెంటనే ఒప్పుకోదు. పుట్టబోయే దేవుడు మహా అభిమానధనుడని విన్నాను, ఈ బండరాళ్లు చూసి చీదరించుకుని కాలితో తన్ని నన్ను సముద్రంలో ముంచేస్తే నా గతి ఏమిటి అని అడుగుతుంది. అపోలో తొలి ఆలయం ఇక్కడే వెలుస్తుందని ఒట్టు పెట్టమంటుంది. లీటో స్టిక్స్ నది మీద ఒట్టు పెడుతుంది. దేవతలు సైతం దాటరాని ఒట్టు అది. బీదదే అయినా ఆ ద్వీపానికి లోకజ్ఞానం బాగానే ఉంది.

తొమ్మిది పగళ్లు, తొమ్మిది రాత్రులు లీటో నొప్పులు పడింది. కాన్పులకు అధిదేవత అయిన ఐలీథియాకు కబురు అందకుండా హీరా ఆమెను ఒలింపస్ పర్వతం మీదే ఆపి ఉంచింది. లీటో దగ్గర చేరిన దేవతా స్త్రీలు ఐరిస్ అనే దూతికను రహస్యంగా పంపారు. తొమ్మిది మూరల బంగారు హారం ఇస్తామని ఆశ చెబితే గానీ ఆ మంత్రసాని దేవత కదలలేదు. ఆమె అడుగుపెట్టగానే లీటో ఒక ఖర్జూరపు చెట్టును కౌగిలించుకుని, మోకాళ్ల మీద కూర్చుని అపోలోను కన్నది. అపోలో తోబుట్టువు ఆర్టెమిస్ ముందుగా పుట్టి, పుట్టీ పుట్టగానే తల్లికి పురుడు పోసిందని మరికొందరి కథనం. అప్పుడు సముద్రగర్భం నుంచి స్తంభాలు లేచి ద్వీపాన్ని నిలబెట్టాయని పిండార్ అనే కవి రాశాడు. డీలోస్ అంటే 'స్పష్టంగా కనిపించేది' అని అర్థం.

స్తంభాల మీద నిలిచిన ద్వీపం కనుక అది కదలకూడదు. ఈ విషయంలో ఇద్దరు మహా చరిత్రకారులకు పొత్తు కుదరలేదు. క్రీ.పూ. 490లో పర్షియన్లు వచ్చి వెళ్లాక డీలోస్‌లో భూకంపం వచ్చిందని, తన కాలం వరకు అదే మొదటిది, చివరిది అని హెరొడోటస్ రాశాడు. క్రీ.పూ. 431లో యుద్ధం మొదలు కావడానికి కొద్ది ముందు భూకంపం వచ్చిందని, గ్రీకుల జ్ఞాపకంలో అంతకుముందు ఎన్నడూ రాలేదని థుసిడైడిస్ రాశాడు. ఇద్దరూ దాన్ని రాబోయే కీడుకు సూచన అన్నవారే.

దేవుడి సొమ్ము, ఏథెన్సు చేయి

క్రీ.పూ. మూడవ సహస్రాబ్దిలోనే కింథోస్ కొండ మీద మనుషులు ఇళ్లు కట్టుకుని ఉన్నారని తవ్వకాలలో తేలింది. తరువాత అయోనియన్ గ్రీకులు వచ్చారు. క్రీ.పూ. ఏడవ శతాబ్ది నాటికి పొరుగున ఉన్న నాక్సోస్ ద్వీపంవారు ఇక్కడ పలుకుబడి సంపాదించి, నోళ్లు తెరిచి కూర్చున్న పాలరాతి సింహాలను వరుసగా నిలబెట్టారు. వాటిలో ఒకటి చాలా కాలం తరువాత ఇటలీలోని వెనిస్ నగరానికి తరలిపోయి, అక్కడి నౌకాశాల ముందు వేరే తలతో కూర్చుని ఉంది. మిగిలినవాటిని గాలికి, ఉప్పుకు అరిగిపోకుండా మ్యూజియంలోకి మార్చారు. ఇప్పుడు ఆరుబయట ఉన్నవి వాటి నకళ్లు.

నాక్సోస్ తరువాత ఏథెన్సు కన్ను దీని మీద పడింది. క్రీ.పూ. ఆరవ శతాబ్దిలో ఏథెన్సు పాలకుడు పిసిస్ట్రేటస్, ఆలయం నుంచి కంటికి కనిపించేంత మేర ఉన్న సమాధులను తవ్వించి వేరే చోటికి మార్పించాడు. మన ఊళ్లలో ఎవరైనా పోతే శవం లేచేదాకా గుడి తలుపులు తెరవని ఆచారం తెలిసినవారికి ఈ మైల పట్టింపు వింతగా తోచదు. ఆ పట్టింపును రాజకీయానికి వాడుకోవడమే కొత్త.

క్రీ.పూ. 490లో పర్షియన్ నౌకాదళం వచ్చినప్పుడు డీలోస్ వాసులు భయపడి పక్కనున్న టీనోస్ ద్వీపానికి పారిపోయారు. పర్షియన్ సేనాని డాటిస్ మాత్రం, ఇద్దరు దేవతలు పుట్టిన నేలకు హాని చేయనని కబురు పంపి, అపోలో బలిపీఠం మీద 300 టాలెంట్ల సాంబ్రాణి పొగ వేయించాడని హెరొడోటస్ రాశాడు. మన లెక్కలో అది ఏడెనిమిది టన్నులు. శత్రువు చేసిన మర్యాద అది. స్వజనం చేసినదేమిటో ముందు చూద్దాం.

పర్షియన్లను ఎదుర్కోవడానికి క్రీ.పూ. 478లో గ్రీకు నగరాలు కొన్ని ఏథెన్సు నాయకత్వాన కూటమిగా ఏర్పడ్డాయి. పాఠ్యపుస్తకాలలో 'డీలియన్ కూటమి' అని చదువుతాం. ఏ ఒక్క నగరానికీ చెందని పవిత్రస్థలం కనుక ఖజానాను డీలోస్‌లో ఉంచారు. మొదట నిర్ణయించిన వార్షిక చందా 460 టాలెంట్లు, అంటే సుమారు పన్నెండు టన్నుల వెండికి సమానం. క్రీ.పూ. 454లో ఏథెన్సు ఆ ఖజానాను తన నగరానికి తరలించుకుంది. మరో ఏడేళ్లకు అక్కడ పార్థెనాన్ ఆలయ నిర్మాణం మొదలైంది. కూటమి డబ్బుతో ఏథెన్సు ముస్తాబు చేసుకుంటున్నదని ఆ కాలంలోనే విమర్శలు వచ్చాయి.

అలాగని ఏథెన్సు వారి భక్తి అంతా నటన అనలేము. థీసియస్ అనే వీరుడు క్రీటు ద్వీపం నుంచి క్షేమంగా తిరిగి వచ్చినందుకు మొక్కుబడిగా ఏటా ఒక ఓడను డీలోస్‌కు పంపేవారు. ఆ ఓడ వెనుకభాగానికి పూలమాల వేసిన నాటి నుంచి అది తిరిగి వచ్చేదాకా నగరంలో ఎవరికీ మరణశిక్ష అమలు చేయరాదు. క్రీ.పూ. 399లో సోక్రటీసు విచారణకు సరిగ్గా ముందురోజు ఆ మాల పడింది. అందువల్ల శిక్ష పడ్డాక కూడా ఆయన దాదాపు నెల రోజులు చెరసాలలో శిష్యులతో మాట్లాడుతూ గడిపాడు. ప్లేటో రాసిన ఫీడో సంభాషణ మొదట్లోనే ఈ ఓడ ప్రస్తావన వస్తుంది. తత్వశాస్త్రం చదివే మన విద్యార్థులకు, పలకలన్నీ మార్చేసిన తరువాత అది పాత ఓడేనా అన్న 'థీసియస్ ఓడ' చిక్కుప్రశ్న తెలిసే ఉంటుంది. ఆ ఓడ ఇదే.

సమాధులు తవ్విన శీతాకాలం

క్రీ.పూ. 426 శీతాకాలంలో ఏథెన్సు వారు డీలోస్‌ను పూర్తిగా 'శుద్ధి' చేశారు. ఒక దేవవాక్కు మేరకు అలా చేశారని థుసిడైడిస్ అంటాడు. కొన్నేళ్లుగా ఏథెన్సును పట్టి పీడించిన అంటురోగం దీనికి కారణమని తరువాతి చరిత్రకారుడు డియోడోరస్ రాశాడు. ద్వీపంలో ఉన్న సమాధులను తవ్వి ఎముకలను, వాటితో పెట్టిన వస్తువులను పక్కనే ఉన్న రినియా ద్వీపానికి తరలించారు. ఇకపై డీలోస్‌లో ఎవరూ చావరాదు, ఎవరూ పుట్టరాదు అన్నారు. నెలలు నిండిన స్త్రీలను, అవసానదశలో ఉన్నవారిని ఇరుకైన జలసంధి దాటించి రినియాకు చేర్చాలి.

ఆ తవ్వకంలో బయటపడిన ఆయుధాలను, పూడ్చిన పద్ధతిని బట్టి ఆ సమాధులలో సగానికి పైగా కేరియన్ జాతివారివని గుర్తించినట్లు థుసిడైడిస్ చెప్పాడు. ఆ సమాధులు నిజంగా కేరియన్లవేనా అన్నది వేరే చర్చ. అయినా సమాధిలోని వస్తువులను చూసి పాతకాలపు ప్రజలెవరో ఊహించడం అనే పద్ధతి దాదాపు 2,400 సంవత్సరాల క్రితమే ఒక చరిత్రకారుడికి తట్టిందంటే ఆశ్చర్యం కలుగుతుంది. చరిత్ర, పురావస్తు శాస్త్రం చదువుకునేవారు ఈ ఘట్టాన్ని ఒకసారి చదవాలి.

కొన్ని సమాధులను మాత్రం ముట్టుకోలేదు. ఉత్తరదిక్కున ఎక్కడో ఉన్న హైపర్‌బోరియన్లు అనే జనం నుంచి కానుకలు తెచ్చి, తిరిగి వెళ్లకుండా ఇక్కడే మరణించిన కన్యల సమాధులు అవి. పెళ్లికి ముందు డీలోస్ ఆడపిల్లలు జుట్టు కత్తిరించి కదురుకు చుట్టి ఆ సమాధి మీద ఉంచేవారు. అబ్బాయిలు కూడా తమ జుట్టును అర్పించేవారు. సొంత తాతముత్తాతల సమాధులు పోయాయి, దూరదేశపు ఆడపిల్లల సమాధులు మిగిలాయి.

అంతటితో ఆగలేదు. క్రీ.పూ. 422లో, ఏదో పాత దోషం వల్ల వారు ఆలయసేవకు తగరని చెప్పి ఏథెన్సు డీలోస్ వాసులందరినీ ద్వీపం నుంచి వెళ్లగొట్టింది. నేటి టర్కీ తీరంలోని అడ్రమిట్టియంలో ఒక పర్షియన్ అధికారి వారికి చోటిచ్చాడు. అక్కడ ఆర్సాసిస్ అనే మరో అధికారి స్నేహం నటించి, సైన్యంలో పనికని వారిలో ముఖ్యులను పిలిపించి, భోజనాలు చేస్తున్న వేళ చుట్టుముట్టి చంపించాడు. మరుసటి ఏడు డెల్ఫీ దేవవాక్కు మేరకు, యుద్ధంలో తగిలిన దెబ్బలు కూడా గుర్తుకు వచ్చి, ఏథెన్సు మిగిలినవారిని వెనక్కు రానిచ్చింది.

ప్లూటార్క్ ఒక సంభాషణను నమోదు చేశాడు. ద్వీపం మీద హక్కు గురించి డీలోస్ వాసులు ఏథెన్సుతో వాదించే సందర్భంలో, మా చట్టం ప్రకారం ఇక్కడ కాన్పులు జరగవు, శవాలు పూడ్చబడవు అని చెప్పుకున్నారట. అది విన్న ఒక స్పార్టా నాయకుడు, మీలో ఎవరూ పుట్టని, ఎవరూ పూడ్చబడని చోటు మీ జన్మభూమి ఎలా అవుతుంది అని అడిగాడట. నియమం పెట్టింది ఒకరు, దాన్ని పట్టుకుని మీకిక్కడ ఏమి హక్కు అని అడిగింది మరొకరు.

ఈ బులెటిన్ చదివే మనవారిలో హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్ వంటి చోట్ల నాలుగైదు తరాలుగా ఉన్న కుటుంబాలు ఎన్నో. స్కాలర్‌షిప్ దరఖాస్తులో 'స్వస్థలం' అన్న గడి దగ్గర పిల్లలు ఆగిపోయి, ముత్తాత వదిలి వచ్చిన ఊరి పేరు రాయాలా, తాము పుట్టి పెరిగిన ఊరి పేరు రాయాలా అని పెద్దలను అడగడం కద్దు. డీలోస్ వాసులకు ఆ గడిలో రాయడానికి పుట్టిన ఊరూ లేదు, పూర్వీకుల వల్లకాడూ లేదు. అయినా వారు తమను డీలోస్ వారమనే చెప్పుకున్నారు, తిరిగి రాగలిగిన ప్రతిసారీ వచ్చారు. ఆ స్పార్టా నాయకుడి ప్రశ్నకు జవాబు అందులో ఉందని నా అభిప్రాయం.

ఏథెన్సు ఆడంబరానికి కూడా ఒక ఉదాహరణ చెప్పాలి. నిసియస్ అనే ధనికుడైన సేనాని ఉత్సవ బృందాన్ని తీసుకువచ్చి ముందు రినియాలో దిగాడు. ఏథెన్సులోనే కొలతల ప్రకారం తయారు చేయించి తెచ్చిన వంతెనను రాత్రికి రాత్రి జలసంధి మీద పరిపించి, పూలమాలలు, తివాచీలతో అలంకరించి, తెల్లవారగానే పాటలతో ఊరేగింపును నడిపించాడు. చావబోయేవారు, కనబోయేవారు పడవల్లో దాటే నీళ్లే అవి. దేవుడికి ఆయన అర్పించిన కంచు ఖర్జూరపు చెట్టు తరువాత ఒకనాడు గాలికి కూలి, నాక్సోస్ వారు నిలిపిన మహా విగ్రహం మీద పడి దాన్ని పడగొట్టిందని ప్లూటార్క్ చెప్పాడు.

రేవు, బజారు, అంగడి

క్రీ.పూ. 314లో డీలోస్ స్వతంత్రమైంది. ఆ ఒకటిన్నర శతాబ్దంలో ఆలయ అధికారులు ఏటా జమాఖర్చులను రాతి మీద చెక్కించారు. ఇళ్ల అద్దెలు, రినియాలోని పొలాల కౌళ్లు, పందిపిల్ల ధర, కలప ధర, నూటికి పది వడ్డీకి ఇచ్చిన అప్పులు, అన్నీ ఉన్నాయి. మన గుళ్ల గోడల మీది శాసనాలు చూసినవారికి ఈ ధోరణి పరిచితమే. ప్రాచీన కాలపు ధరలను పరిశోధించే ఆర్థికవేత్తలకు ఈ రాళ్లు పెన్నిధి.

క్రీ.పూ. 166 ప్రాంతంలో రోము ద్వీపాన్ని మళ్లీ ఏథెన్సుకు అప్పగించి, సుంకం లేని రేవుగా ప్రకటించింది. తమ మాట జవదాటిన రోడ్స్ ద్వీపాన్ని దెబ్బతీయడం రోము ఉద్దేశం. రోడ్స్ రేవు ఆదాయం పది లక్షల డ్రాక్మాల నుంచి లక్షా యాభై వేలకు పడిపోయిందని పాలిబియస్ లెక్క. డీలోస్ వాసులు రెండవసారి వెళ్లగొట్టబడి అకేయా ప్రాంతానికి చేరారు.

వారు ఖాళీ చేసిన చోట ప్రపంచం దిగింది. ఇటలీవారు, సిరియావారు, ఈజిప్టువారు, యూదులు, ఫినీషియనులు వచ్చి కొట్లు పెట్టారు. నేటి బీరూట్ నుంచి వచ్చిన వర్తకులు తమ దేవుడు పొసైడన్ పేరున సంఘం పెట్టుకుని, గుడి, సమావేశ మందిరం, నడవలు గల భవనం కట్టుకున్నారు. ఊరు వదిలి వచ్చినవారు ముందు ఒక సంఘం, తరువాత ఒక భవనం కట్టుకోవడం మనకు తెలియని పని కాదు. ఈజిప్టు దేవత సెరాపిస్‌కు గుళ్లు వెలిశాయి. ఇక్కడ బయల్పడిన ఒక కట్టడం ప్రపంచంలో తెలిసిన అతి పాత యూదు ప్రార్థనామందిరాలలో ఒకటని పండితులు చెబుతారు. ధనికుల ఇళ్లలో రంగురాళ్లు పొదిగిన నేలలు, ముంగిలి కింద వాననీటి తొట్లు నేటికీ చూడవచ్చు.

ఈ వైభవానికి మరో ముఖం ఉంది. డీలోస్ ఆనాటి పెద్ద బానిసల సంత. ఒక్క రోజులో పదివేల మందిని దించుకుని అమ్మి పంపగల రేవు అని స్ట్రాబో రాశాడు. ఆ అంకెలో అతిశయోక్తి ఉండవచ్చు. కానీ పుట్టుక, చావు మైల అన్న నేల మీద మనుషులను అమ్మడం మైల అని ఎవరికీ తోచలేదు.

క్రీ.పూ. 88లో రోముతో యుద్ధం చేస్తున్న పాంటస్ రాజు మిత్రడాటిస్ సేనలు ద్వీపాన్ని కొల్లగొట్టి వేలమందిని నరికాయి. క్రీ.పూ. 69లో సముద్రపు దొంగలు మిగిలినది దోచుకున్నారు. ఆ తరువాత వర్తకం వేరే రేవులకు మళ్లింది. పంటలేని నేల, పరాయి చేతుల అన్నం ఆగిపోగానే ఖాళీ అయింది. క్రీ.శ. రెండవ శతాబ్దిలో పాసేనియస్ అనే యాత్రా రచయిత, ఏథెన్సు పంపిన కాపలావారు వెళ్లిపోతే ఇక్కడ మనిషే ఉండడని రాశాడు. తరువాతి శతాబ్దాలలో పొరుగువారు ఇక్కడి పాలరాయిని ఇళ్లకు, సున్నపు బట్టీలకు తరలించుకున్నారు.

1873 నుంచి ఏథెన్సులోని ఫ్రెంచి పురావస్తు సంస్థ ఇక్కడ తవ్వకాలు జరుపుతోంది. అపోలో పుట్టిన చోటని చెప్పే పవిత్ర సరస్సును, మలేరియా వస్తున్నదని 1920ల మధ్యలో ఎండగట్టారు. లీటో పట్టుకున్న చెట్టుకు గుర్తుగా అక్కడ ఒక ఖర్జూరం నాటారు. 1990లో యునెస్కో డీలోస్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ప్రాచీన కాలం కన్నా ఇప్పుడు సముద్రమట్టం పెరగడంతో రేవు పక్కనున్న పాత గిడ్డంగులు కొన్ని నీట మునిగాయి.

1898లో గ్రీకు పురావస్తు శాస్త్రజ్ఞుడు స్టావ్రోపూలోస్ రినియాలో తవ్వుతూ ఒక పెద్ద గొయ్యిని కనుగొన్నాడు. క్రీ.పూ. 426లో డీలోస్ నుంచి తెచ్చి పోసిన ఎముకలు, కుండలు, చిన్న చిన్న వస్తువులు అందులో అలాగే ఉన్నాయి. వాటిని భద్రపరచడానికి మైకనోస్‌లో ఒక మ్యూజియం కట్టారు. ఆ కుండలు నేటికీ అక్కడే ఉన్నాయి.